రేపటి సూదులు

ఫోన్ మోగేసరికి టైలరు పళ్ళతో దారం కొరుకుతున్నాడు. మనుషుల మనసులను యంత్రంలో భద్రపరిచే కేంద్రం నుంచి ఒక అమ్మాయి. ఆయన భార్యను ఎంపిక చేశారట. రేపు పొద్దున తీసుకొస్తే జ్ఞాపకాలు, మాటతీరు అన్నీ ఎక్కించుకుంటారట. ఆమె పోయాక కూడా ఆమెతో మాట్లాడుకోవచ్చట.

"అలవాట్లు కూడా వస్తాయా అమ్మా? సూదికి దారం మరీ పొడుగ్గా తీస్తుంది."

"అన్నీ వస్తాయండీ" అని ఆ అమ్మాయి నవ్వింది.

భార్య గుండె ఇక ఎక్కువ కాలం మోయలేదని డాక్టరు చెప్పిన రోజునే ఆయన దరఖాస్తు పెట్టాడు. ఇప్పుడు కాలు నిలవలేదు. నల్లకోటుకు గుండీలు తప్పు వైపు కుట్టి, విప్పి, మళ్ళీ అటే కుట్టాడు. కాలని ఇస్త్రీపెట్టెను రెండుసార్లు తడిమి చూశాడు. చివరికి తెర పక్కకి తీసి లోపలి గదిలోకి వెళ్ళాడు.

ఆయన చూపు మందగించినప్పటి నుంచి మర్నాటి పనికి కావలసిన సూదులన్నిటికీ సాయంత్రమే ఆవిడ దారం ఎక్కించి చిన్న సూదుల దిండుకు గుచ్చిపెడుతుంది. ప్రతి దారమూ చెయ్యి సాగినంత పొడుగు. ప్రతిదీ చిక్కుపడుతుంది. ఆయన గొణుగుతాడు.

"మాటిమాటికీ కన్నం వెతకలేక చస్తున్నాను" అంటుంది ఆవిడ.

ఇవాళ ఆయన ఫోన్ కబురు చెప్పి, "రేపు ఆ పెట్టెలోకెళ్ళాక కూడా నన్ను దెప్పుతావా?" అన్నాడు.

"మరెందుకు వెళ్తున్నాననుకున్నారు?"

"మాటలు సరే. దారం ఎవరెక్కిస్తారు?"

"అప్పుడైనా నేర్చుకోండి."

ఆయన నవ్వాడు.

సాయంత్రం రేపు వేసుకోవలసిన తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తుంటే ఆవిడ కుర్చీలోంచే చూసింది. "పైగుండీ ఏదీ? టైలరుకే గుండీ లేదని నవ్విపోతారు. ఈ సూదులవ్వనివ్వండి, కుట్టిపెడతాను."

ఆయన కాలరు మడత నొక్కాడు, తిప్పి మళ్ళీ నొక్కాడు. "అయిందా?" అన్నాడు. తలెత్తి చూశాడు. సూదుల దిండు ఆవిడ ఒడిలోనే ఉంది. తల పక్కకు వాలి ఉంది, నవ్వు దాచుకునేటప్పుడు వాలినట్టే.

పక్కవీధి నుంచి కూతురు పరుగున వచ్చింది. చాలాసేపటికి కళ్ళు తుడుచుకుని, "రేపు రావట్లేదని వాళ్ళకి చెప్పేయనా నాన్నా?" అంది.

"చెప్పమ్మా." దిండును బల్ల మీద పెట్టాడు. "అమ్మను సాగనంపడానికి రేపు ఈ చొక్కానే వేసుకుంటాను. గుండీ పొద్దున్నే కుట్టుకుంటాలే."

దిండు మీద నల్లదారం సూదుల వరుస చివర ఒక్క సూదికి తెల్లదారం ఉంది, బల్ల అంచు దాటి నేలకు తగిలేంత పొడుగ్గా.