కన్సాయి పిల్లకు గది

అక్షరాలు ఆలస్యంగా నేర్చినదాన్ని. తప్పులను, నా నెమ్మదితనాన్ని మన్నించండి.

మన తెలుగు నేర్చిన జపాన్ పిల్ల నత్సుమి సామాను ఇంకా ఆటోలోనే ఉంది. హైదరాబాద్ లాల్‌దర్వాజాలో ఈ గదీ దొరక్కపోతే ఆమెకు ఇంకో దిక్కు లేదు. ఇంటావిడ నాగమణమ్మేమో, వచ్చినవాళ్లు తమ ఊరి పేరు ఎలా వచ్చిందో చెప్పనిదే ఎవరికీ తాళంచెవి ఇవ్వదు.

"ఏడికెల్లి వచ్చినవ్ బిడ్డా?"

"జపాన్ల కన్సాయి, అమ్మా."

"అంటే ఏంది?"

"కన్ అంటే దారికడ్డం పెట్టిన కావలి గేటు, సాయి అంటే పడమర. గేటుకు పడమటోళ్లం."

"ఏ గేటుకు?"

ఏదో ఒక గేటు పేరు చెప్పేయొచ్చు, కానీ నత్సుమి అబద్ధం చెప్పలేకపోయింది.

"ఒక్కో కాలంల ఒక్కో గేటన్నరు. మా హద్దు ఏడిదాంకనో ఇప్పటికీ లొల్లే."

గది పోయిందనే అనుకుంది. నాగమణమ్మ మాత్రం పగలబడి నవ్వింది.

"మా లాల్‌దర్వాజా ఏడిదాంకనో అడిగి చూడు, ఇంటికో మాట చెప్తరు! గేటవతలోళ్లనేమంటరు?"

"కాంతో. తూర్పోళ్లు."

"మీకూ వాళ్లకూ పడుతదా?"

"నూడుల్స్ చారు కాడ అస్సలు పడదు. వాళ్లది మస్తు నలుపు, మాది తేట."

"గట్ల చెప్పు! చారు కాడ కొట్లాడుకుంటున్నరంటే అది అసలైన ఊరే. పో, సామాను దించు."

— మ్యాకల ఈశ్వరమ్మ, అరవై ఎనిమిదేళ్లు, ఇప్పుడుండేది కిషన్‌బాగ్