పద్నాలుగో షరతు

నేను ఒక బాస్కెట్‌బాల్‌ని. ఆరో నంబరు సైజు, అంటే ఆడవాళ్ల ఆటకు వాడేదాన్ని. మగవాళ్ల బంతి నాకంటే కాస్త లావు. దుకాణంలో పక్కపక్కన ఉన్నన్నాళ్లూ అది ఆ సంగతి నాకు గుర్తుచేస్తూనే ఉండేది. జలంధర్‌లో ఒక చిన్న కార్ఖానాలో పుట్టాను. లోపల రబ్బరు తిత్తి, దాని చుట్టూ బారలకొద్దీ నైలాన్ దారం, పైన ఎనిమిది ముక్కల తొడుగు. గాలి నింపినవాడు నన్ను నేలకేసి ఒక్కసారి కొట్టి, చప్పుడు విని, తల ఆడించాడు. నా చదువూ, పట్టా అంతే.

అక్కడినుంచి లారీలో విశాఖపట్నం వచ్చి డాబాగార్డెన్స్‌లో ఒక ఆటవస్తువుల దుకాణంలో ఆరు నెలలు వేలాడాను. ఆ ఆరు నెలల్లో నా కళ్లముందు ఎన్ని క్రికెట్ బ్యాట్లు అమ్ముడుపోయాయో చెప్పుకోవడం నాకే నామోషీ. చివరికి ఎలిజబెత్ అని ఒకావిడ వచ్చి నన్ను కొనుక్కుంది. ఒకప్పుడు పేరున్న క్రీడాకారిణి. కుడికాలు కొంచెం ఈడ్చి నడిచేది. పాత పోర్టు క్వార్టర్ల దగ్గర సిమెంటు కోర్టులో ఆడపిల్లలకు ఆట నేర్పేది. పిల్లలందరికీ ఆమె ఎలిజబెత్ అక్క.

ఆ అక్క నన్ను మైలపల్లి నూకరత్నం చేతిలో పెట్టింది. పద్నాలుగేళ్ల పిల్ల, పొట్టిది, చేపలరేవు దగ్గర ఇల్లు. తల్లి అప్పయమ్మ చేపలు అమ్మేది. "ఇంటికి పట్టుకెళ్లు. పడుకునేటప్పుడు తప్ప చేతిలోంచి దించకు" అంది అక్క. నూకరత్నం ఆ మాటను తు.చ. తప్పకుండా పాటించడమే కాక, పడుకునేటప్పుడు కూడా దించేది కాదు. అయిదేళ్లలో నా ఒంటిమీది గరుకంతా ఆ పిల్ల అరచేతుల్లోకి వెళ్లిపోయింది.

దాని జతగత్తె షంషాద్. పాతనగరంలో దర్జీ కూతురు, ఆరడుగుల ఒక అంగుళం. నూకరత్నం ఎటు చూస్తూ నన్ను ఎటు విసురుతుందో మైదానంలో షంషాద్ ఒక్కదానికే తెలిసేది. ఇద్దరూ కలిసి రాష్ట్రానికి రెండేళ్లు వరసగా కప్పు తెచ్చారు. అప్పుడే తీరం లీగ్ అని కొత్త పోటీలు మొదలయ్యాయి. రొయ్యల ఎగుమతి చేసే రంగరాజు గారు 'విశాఖ కెరటాలు' అనే జట్టు పెట్టి, తన మేనేజరు కిరీటిని ఈ పిల్లలమీదికి పంపారు.

మొదటి సమావేశం బీచిరోడ్డులో ఒక హోటల్లో. చల్లటి గది, వెండి గిన్నెలో జీడిపప్పు. కిరీటి ముప్పయ్యేళ్లవాడు, మాటకారి. నేను వలసంచిలో నూకరత్నం ఒళ్లో ఉన్నాను.

"బాల్ బయట పెట్టి రావచ్చు కదమ్మా" అన్నాడు.

"పర్లేదండి, దానికి ఏసీ అలవాటు సేస్తన్నాను" అంది నూకరత్నం.

అతను నవ్వి, ఇరవై రెండు పేజీల ఇంగ్లీషు కాగితాలు ముందు పెట్టి, సంతకం ఎక్కడెక్కడ చెయ్యాలో వేలితో చూపించాడు. చెయ్యాల్సిన చోట్లు చూపించినంత హుషారుగా చదవాల్సిన చోట్లు చూపించలేదు. పిల్లలిద్దరూ కాగితాలు సంచిలో నాపక్కనే కుక్కి, అక్కకు చూపించి వస్తామని లేచారు.

అక్క కోర్టు మెట్లమీద కూర్చుని ఒక్కో పేజీ చదివి చెప్పింది. జీతం బాగానే ఉంది. మూడేళ్ల ఒప్పందం, అదీ బాగానే ఉంది. పద్నాలుగో షరతు దగ్గర ఆగిపోయింది. గాయంవల్ల ముప్పై రోజులకు మించి ఆడలేకపోతే జట్టు ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. అదీ సంగతి.

"నాకు ఇరవై రెండో ఏట మోకాలు పోయినప్పుడు మా క్లబ్బువాళ్లు ఆసుపత్రికి పూలగుత్తి పంపారు. ఎంత మంచివాళ్లో అనుకున్నాను. పూలమధ్యలో కవరు ఉంది. కవర్లో నన్ను తీసేసినట్టు ఉత్తరం" అంది అక్క. "ఇది మార్పించాకే సంతకం పెట్టండి. ఇద్దరూ ఒక్కమాట మీద ఉండండి."

రెండో సమావేశంలో కిరీటి అది కుదరదన్నాడు. లీగంతా అలాగే రాసుకున్నారన్నాడు. శుక్రవారం సాయంత్రానికి పేర్లు ఇచ్చెయ్యాలి, ఆ తర్వాత ఒక ఏడాది ఆగాల్సిందే అన్నాడు. ఆ పైన నూకరత్నాన్ని బయట కూర్చోబెట్టి షంషాద్‌ను ఒక్కదాన్నే లోపలికి పిలిచాడు. నేనప్పుడు షంషాద్ చేతిలో ఉండిపోయాను కాబట్టి అంతా విన్నాను.

"నీ హైటు దేశంలో ఎంతమందికి ఉంది చెప్పు? పొట్టివాళ్లు వీధికొకరు దొరుకుతారు. నువ్వు సంతకం పెట్టెయ్. ఆ అమ్మాయి సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు కిరీటి, బత్తాయిరసం గ్లాసు ముందుకు జరుపుతూ.

షంషాద్ తొందరపడలేదు. రసం మొత్తం తాగింది. గ్లాసు పెట్టి, మూతి తుడుచుకుంది.

"నేను ఎత్తుగా ఉన్నానని ఎవరైనా చూస్తారండీ. నేను ఎక్కడికి ఎగురుతానో ఎగరకముందే చూసేది నూకరత్నం ఒక్కతే. తను లేకపోతే నేను ఊరికే పొడుగ్గా నిలబడ్డ మనిషిని. జ్యూస్ బాగుందండీ" అని లేచింది.

బయటికి వచ్చి స్నేహితురాలికి ఈ ముచ్చట నవ్వుతూ చెప్పింది. నూకరత్నం నవ్వలేదు. తనవల్ల షంషాద్ బతుకు ఆగిపోతోందన్న దిగులు దాన్ని పట్టుకుంది. మర్నాడంతా నన్ను ఇంటిగోడకు కొడుతూనే ఉంది, లెక్క తప్పుతూనే ఉంది. మనుషులకు దిగులు పుట్టినప్పుడల్లా గోడలు ఎలా బతికి బయటపడుతున్నాయో నాకు అర్థం కాదు.

గురువారం పొద్దున్నే నన్ను సంచిలో వేసుకుని బయల్దేరింది. గుమ్మంలో అప్పయమ్మ అడ్డంపడింది.

"ఎక్కడికే?"

"ఆపీసుకమ్మా. నాను తప్పుకుంతానని సెప్పీసొస్తాను. షంషాద్‌నైనా తీసుకుంతారు."

"అది ఒప్పుకుందేటి?"

"దానికి సెప్పలేదు."

అప్పయమ్మ చేపలగంప పక్కింటావిడకు అప్పగించి, చేతులు కడుక్కుని, ఉతికిన చీర కట్టుకుంది. "పద. ఆ పొడుగుపిల్లని కూడా రమ్మను. ఇన్నేళ్లు రేవులో బేరం సేసినాను. ఇదీ ఒక బేరమే గదా."

ఆరోజు రంగరాజు గారు స్వయంగా ఆఫీసులో ఉన్నారు. అరవై దాటిన మనిషి, తెల్లటి లాల్చీ, మాట తక్కువ. అప్పయమ్మ ఆయనకు దండం పెట్టి, కుర్చీ చివర కూర్చుని, కిరీటి వైపు తిరిగింది.

"బాబూ, నాకు ఇంగిలీసు రాదు. ఆ కాయితం తెలుగులో సదివి సెప్పు."

కిరీటి మొదలుపెట్టాడు. పన్నెండు, పదమూడు దాకా గడగడా సాగింది. పద్నాలుగు దగ్గర గొంతు తగ్గింది. ఇంగ్లీషులో నున్నగా జారిపోయిన మాటలు తెలుగులో గొంతుకు అడ్డం పడ్డాయి. "అంటే... దెబ్బ తగిలి నెలరోజులు ఆడలేకపోతే... జట్టువాళ్లు ఇంటికి పంపించెయ్యొచ్చు."

"మల్లీ సదువు బాబూ."

మళ్లీ చదివాడు. ఈసారి రంగరాజు గారు తల ఎత్తారు. "ఇది ఎవరు రాశారు?"

"ఎక్కడో ఫారిన్ టీముది మోడల్ తీసుకున్నాం సార్."

"రాజుగారూ, మీ పడవ ఇంజను మీ వేటకెల్లి పాడైపోతే, దాన్ని సంద్రంలో పారేస్తారేటి? బాగుసేయిస్తారు. నా పిల్ల మీ ఆటలో పడితే మీరు లేపాల" అంది అప్పయమ్మ.

"మీ పిల్ల మా ఆటలోనే పడుతుందని ఏముంది? ఎక్కడో పందెం మ్యాచికి వెళ్లి కాలు విరగ్గొట్టుకు వస్తే?" అన్నారాయన. అడిగినదాంట్లో న్యాయం లేకపోలేదు. నేనూ ఎన్నో పందెం మ్యాచులకు వెళ్లినదాన్నే.

అప్పయమ్మ తల ఊపింది. "అదీ నిజమే. మీకు సెప్పకుండా బయట ఆడరు. అది రాసుకోండి. మీ ఆటలోను, మీ పేక్టీసులోను పడితే మీదే బాద్యత. వైద్యం సేయించాల, జీతం ఇవ్వాల, ఒప్పందం ఒప్పందంలాగే ఉండాల. ఇద్దరికీ ఒకే కాయితం, ఒకే గడువు."

"ఇద్దరికీ అంటే ఆలోచించాలమ్మా" అన్నాడు కిరీటి.

అప్పయమ్మ లేచింది. కొంగు సర్దుకుంది. "పదండే" అని పిల్లలిద్దరినీ లేపి, వెనక్కి చూడకుండా తలుపుదాకా నడిచింది. నూకరత్నం వేళ్లు నన్ను ఎంత గట్టిగా నొక్కాయంటే నాకు గాలి తక్కువైనట్టనిపించింది. షంషాద్ పెదవి కొరుక్కుంటోంది. తలుపు గొళ్లెంమీద అప్పయమ్మ చెయ్యి పడింది.

వెనకనుంచి రంగరాజు గారి నవ్వు వినబడింది. "ఆగమ్మా. నలభయ్యేళ్లుగా రేవులో సరుకు కొంటున్నవాణ్ని. గంప ఎత్తుకుని వెళ్లిపోయేవాళ్లు ఎంత దూరం వెళ్తారో నాకు తెలుసు."

"మరి తెలిసీ పిలిసేరేటి?" అంది అప్పయమ్మ, ఇటు తిరక్కుండానే.

"సరుకు మంచిదని కూడా తెలుసు కాబట్టి" అన్నారాయన. "కిరీటీ, పద్నాలుగు కొట్టేసి కొత్తగా రాయి. ఆవిడ చెప్పినట్టు. ఈసారి ముందు తెలుగులో రాయి."

శుక్రవారం మధ్యాహ్నానికి సంతకాలు అయ్యాయి. షంషాద్ ఉర్దూలో, నూకరత్నం తెలుగులో, సాక్షిగా అప్పయమ్మ వేలిముద్ర. ఆటోలో ఇంటికి వస్తూ ఆ తల్లి, ఆయన పిలవకపోతే తలుపు దాటాక ఏం చెయ్యాలో తనకూ తెలియదని పిల్లలతో చెప్పింది. ముగ్గురూ ఒకటే నవ్వు. ఆటో అతను అద్దంలోంచి చూస్తూ, ఎందుకో తెలియకపోయినా తనూ నవ్వాడు.

మొదటి ఏడాది కెరటాలు రెండో స్థానంలో నిలిచాయి. రెండో ఏడాది కాకినాడ మ్యాచిలో నూకరత్నం ఎగిరి దిగుతూ మోకాలు మడతపడి కూలబడింది. ఆరోజు మైదానంలో ఉన్నది నేను కాదు, కొత్త బంతి. నేను ఇంట్లో మంచంకింద ఉన్నాను. షంషాద్ నూకరత్నాన్ని ఎత్తుకుని ఇంట్లోకి తెచ్చినప్పుడు చూశాను. ఆపరేషన్ అన్నారు. ఏడు నెలలు అన్నారు.

ఆసుపత్రికి కిరీటి వచ్చాడట. అప్పయమ్మ అతని చేతుల వంక చూసి, "కవరేదైనా తెచ్చేవా బాబూ?" అని అడిగిందట.

"లేదమ్మా, కమలాపళ్లే" అన్నాడట, చెవులు ఎర్రబడగా.

నాకు వయసు మీదపడింది. తొడుగు నున్నబడి, వానలో తడిస్తే సబ్బుబిళ్లలా జారతాను. ఆటకు పనికిరాను. అయినా ఆ ఏడు నెలలూ నాకు చేతినిండా పనే. మొదట నూకరత్నం మడమకింద దొర్లాను. తర్వాత గోడకూ దాని వీపుకూ మధ్య నలిగాను. కొన్నిరోజులు ఏడ్చి నన్ను మూలకు విసిరేసేది. ఎలిజబెత్ అక్క ఏమీ అనకుండా కుంటుకుంటూ వెళ్లి తెచ్చి మళ్లీ కాలికింద పెట్టేది. జట్టు డాక్టరు వారం వారం వచ్చేవాడు. జీతం నెలనెలా వచ్చేది.

నిన్న పొద్దున సిమెంటు కోర్టుకు తీసుకొచ్చారు. ఆపరేషన్ అయిన కాలి మీద ఒంటికాలితో నిలబడమంది అక్క. నిలబడింది. చేతులు అటూ ఇటూ ఊగాయి, సర్దుకుంది. పదడుగుల దూరంలో షంషాద్ నన్ను పట్టుకుని నిలబడి ఉంది.

"విసరనా?"

"మెల్లగా విసరకే. మామూలుగానే విసురు."

షంషాద్ మామూలుగానే విసిరింది. గాలిలో వెళ్తూ, అక్క ఊపిరి బిగబట్టడం చూశాను. నేను వెళ్లి నూకరత్నం చేతుల్లో పడ్డాను.

ఆ పిల్ల పడలేదు.