పచ్చదారం ముడి

మోపెడ్‌కు కట్టిన నిచ్చెన తాడు విప్పుతూ కోదండం మగ్గాల చప్పుడు కోసం చెవి ఒగ్గాడు. వినిపించలేదు. భోజనాల వేళ. నగరి ఊళ్లో ఆ మగ్గాల వీధి పగటిపూట నిశ్శబ్దంగా ఉండేది అప్పుడే.

యాభై దాటిన సన్నటి మనిషి. ఎండకు మాడిన మెడ, మోచేతుల దాకా మడిచిన నీలం చొక్కా. కుడి చూపుడువేలి కొసన చిన్న గాడి ఉంది. చిన్నప్పటి నుంచి నూలు లాగి లాగి పడిన గాడి. మగ్గం అమ్మి కేబుల్ టీవీ పనిలో చేరినా అది పూడలేదు. ఇప్పుడు ఆ వేలితోనే ఫైబర్ తీగలు అతుకుతున్నాడు.

మగ్గాల యజమాని మురుగేష్ గడపలోనే ఎదురయ్యాడు.

"నువ్వొస్తే నెట్టు బాగుంటాది, పోంగానే నిలిచిపోతాది. దానికి నువ్వంటే బయమేమప్పా?"

"ఉండనీ. ఇంట్లో ఎవురూ బయపడరు, అదన్నా బయపడనీ."

మురుగేష్ కూతురు నందిత నవ్వలేదు. ఫోను చేతిలోనే ఉంది.

"మామా, మూడు గంటలకు చెన్నై సేటు వీడియోలో వస్తాడు. చీర మగ్గం మీద ఆడతా ఉంటేనే చూస్తానంటాడు. పోయినతూరి బొమ్మ నిలిచిపోయింది. ఈతూరీ అట్లయితే వేరేవాళ్ల దగ్గర తీసుకుంటానని చెప్పేసినాడు."

సేటు తప్ప వాళ్లకు వేరే కొనేవాడు లేడు. ఆ సంగతి కోదండానికి తెలుసు.

"మగ్గాలు వెయ్యప్పా," అన్నాడు.

"అన్నం తినే వేళ గదా!"

"రెండుతూర్లూ నేనొచ్చింది ఇదే వేళకు. ఆగిన మగ్గం పక్కన అంతా బాగానే ఉండాది. తప్పు నాదే. వెయ్యి."

మరమగ్గాలు కదిలాయి. నేల అదిరింది. కాసేపటికి గోడకున్న నెట్ బాక్సు మీద పచ్చలైటు ఆరి ఎర్రలైటు వెలిగింది. కోదండం తల ఊపాడు. బాక్సు నుంచి తెల్లతీగ ఊడదీసి, దాని కొసకు, తీగ ఎక్కడ దెబ్బతిందో చూపే ఎర్రలైటు పెన్ను తగిలించాడు. తీగ వెంట గోడ పొడవునా నడిచాడు. మగ్గం పక్క స్తంభం దగ్గర, మసకలో, కుంకుమ బొట్టంత వెలుగు కనిపించింది. తీగ అక్కడ ముడి పడి ఉంది.

ఆ ముడి చూసి అతను ఒక్క క్షణం ఆగిపోయాడు. తెగిన పడుగు పోగుకు వేసే ముడి. వాళ్ల నాయన నేర్పిందీ అదే.

"ఎవురప్పా కట్టింది?"

"నేనే. తీగ ఏలాడతా, అటూ ఇటూ పోయే నాడెకు తగిలేటట్టు ఉండె. మన ముడి, జారదులే."

"జారదు, నిజమే. నూలైతే నీకు దండం పెడుదును. ఇది లోపల గాజప్పా. మగ్గం అదిరే కొద్దీ బిగుసుకుంటాది. వెలుగంతా ఈడనే కారిపోతా ఉండాది."

"అయితే నా ముడి అంత గట్టిదన్నమాట!" అన్నాడు మురుగేష్. ఈసారి నందిత కూడా నవ్వింది.

కోదండం ముడిని కత్తిరించి తీసేశాడు. కొసలు రెండూ తుడిచి, వెంట తెచ్చిన అతుకుల మిషన్‌లో పెట్టి అతికి, తీగను మళ్లీ బాక్సుకు తగిలించాడు. మిగిలిన తీగను పళ్లెమంత వెడల్పుగా చుట్టి గోడ మేకుకు ఆనించాడు. సంచిలో క్లిప్పులు అయిపోయాయి. మగ్గం కింద పచ్చ నూలు పోగు ఒకటి పడి ఉంది. తీసుకున్నాడు. తీగచుట్ట చుట్టూ వదులుగా, మేకుకు గట్టిగా కట్టాడు. కళ్లు బాక్సు మీద మళ్లీ వెలిగిన పచ్చలైటు మీదే ఉన్నాయి. ముడిని వేళ్లే వాటంతటవి వేశాయి.

మెట్టు మీద కూర్చుని రొమ్ము రుద్దుకున్నాడు.

"ఏం మామా?"

"గ్యాసుమ్మా. మజ్జిగ ఉంటే ఇయ్యి."

మజ్జిగ తాగినా లేవలేదు. మూడు గంటలకు సేటు ముఖం ఫోనులో కనిపించింది. మగ్గం ఆడుతూనే ఉంది. నందిత పచ్చచీర అంచు దగ్గరగా చూపించింది. బొమ్మ ఎక్కడా ఆగలేదు. చీరలు పంపించమని సేటు అన్నప్పుడు ఆమె తండ్రి వైపు కాకుండా కోదండం వైపు చూసింది. అతను అప్పటికే సంచి భుజాన వేసుకుంటున్నాడు. వీధి మలుపులో మోపెడ్ హారన్ ఒకసారి మోగించాడు.

నెల తిరిగాక లైను చూడటానికి మునికుమార్ అనే కొత్త మనిషి వచ్చాడు.

"కోదండం యాడప్పా?" అన్నాడు మురుగేష్.

"పోయినాడన్నా. పోయిన శుక్రవారం టీ తాగతా బెంచీ మీద కూర్చున్నోడు, కూర్చున్నట్టే ఒరిగిపోయినాడు."

మునికుమార్ గోడ దగ్గరికి వెళ్లి దారం పట్టుకున్నాడు.

"ఇదేంది, దారంతో కట్టినారు? క్లిప్పు వేస్తా, ఉండండి."

"వద్దన్నా," అంది నందిత. "అదట్లే ఉండనీ."

మగ్గాలు ఆడుతున్నాయి. గోడ మీద తీగచుట్ట సన్నగా వణుకుతోంది. మేకు దగ్గర పచ్చదారం ముడి మాత్రం కదలడం లేదు.