బెండ్ల ముడి

ఆ కార్తీక సోమవారం హనుమంతయ్య కుటుంబం ఆళ్లగడ్డ దగ్గరి చెరువుకు వనభోజనానికి వచ్చింది. నంద్యాలలో నూనెల అంగడి ఆయనది. భార్య గౌరమ్మ ఉసిరి చెట్టు కింద మడి కట్టుకుని పొయ్యి రాజేసింది. కొడుకు ఉమామహేశ్వరరావుకు పెళ్లయి ఇంకా ఏడాది నిండలేదు. కోడలు అహల్యకు చెరువులో తిప్పే బుట్టలాంటి పుట్టి ఎక్కాలని ముచ్చట. మామ, మొగుడు, తాను చెరువులో ఒక చుట్టు తిరిగి, నడిమధ్య అరటిదొప్పల్లో దీపాలు వదిలి రావాలని బస్సులోనే అనుకున్నారు.

పుట్టి నడిపే మద్దయ్య చేతిలో బెండ్లు పట్టుకుని ఒడ్డున నిలబడ్డాడు. బావుల్లో ఈత నేర్చుకునే పిల్లలకు కట్టే ఎండు బెండ్లే అవి, తాడుకు గుచ్చినవి. పోయిన వానాకాలంలో శిరివెళ్ల నుంచి షికారుకొచ్చిన ఇద్దరు ఈ చెరువులోనే మునిగిపోయారు. అప్పటి నుంచి బెండ్లు కట్టుకోని మనిషిని పుట్టి ఎక్కించకూడదని తాసిల్దారు ఉత్తరువు.

అహల్య ఎవరూ చెప్పకముందే ఒక వరస బెండ్లు తీసుకుంది. పట్టుచీర మీద తాడు చుట్టుకుని, గుండెల మీదికి తెచ్చి తానే ముడి వేసుకుంది.

"ఏందమ్మా ఆ వేషం?" అన్నాడు హనుమంతయ్య. "బాయిలో దూకే పిల్లోళ్ల మాదిరి! మడి చీర మీద ఊరందరి చెమట తాగిన తాడా? దాంతోనే దీపం ముట్టిస్తావా?"

"నాకు ఈత రాదు మామా."

"మేమిద్దరం పక్కన లేమా?"

మద్దయ్య మెల్లగా అడ్డం వచ్చాడు. "కట్టుకోకుంటే ఎక్కించొద్దన్నారు సామీ. నా పుట్టి గుంజుకపోతారు."

"ఎక్కేది మేము. మునిగితే మునిగేదీ మేమే. నడుమ సర్కారోనికేంది నొప్పి? రేపు తాడు కట్టుకోనిదే పండుకోవద్దంటాడు. ఎవురి పానం సంగతి వాళ్లకు తెల్దా? ఎవురి బాధ్యత వాళ్లది. నా ఇంటోళ్లకు నేను పూచీ. తియ్యప్పా పుట్టి."

పక్క చెట్టు కింద వంట చేసుకుంటున్నవాళ్లు నవ్వారు. "సెట్టి చెప్పేదీ న్యాయమే" అన్నాడు ఒకాయన.

అహల్య ముడి మీద చెయ్యి పెట్టుకుని కదలకుండా నిలబడింది. హనుమంతయ్య భార్య వైపు తిరిగి, "విప్పు దాన్ని" అన్నాడు.

గౌరమ్మ గరిటె కింద పెట్టి వచ్చింది. ముడి గట్టిగా పడింది. గోళ్లతో లాగవలసి వచ్చింది.

"ఉండనీ అత్తా" అంది అహల్య, ఇద్దరికే వినబడేట్టు.

"ఒక చుట్టే కదా. పోయిరా."

కోడలి మడి కోసం విప్పిన తాడు గౌరమ్మ మడిని చెడగొట్టింది. ఆమె మళ్లీ స్నానానికి ఒడ్డు పక్కకు పోయింది. తడి చీరతో పైకి వచ్చేసరికి, సెట్టి మాట కాదనలేక మద్దయ్య తీసిన పుట్టి చెరువు నడుమ ఉంది. దీపాలు వదలడానికి ముగ్గురూ ఒకే పక్కకు వంగడం కనబడింది. మద్దయ్య అరుపు వినబడింది. పుట్టి బోర్లా పడింది.

హనుమంతయ్య ఈదుకుంటూ ఒడ్డుకు చేరాడు. కొడుకు మునిగి వెతికాడు గాని అతని చేతికి ఏమీ దొరకలేదు. మద్దయ్య అహల్యను పైకి తెచ్చినప్పుడు పట్టుచీర ఆమె కాళ్లకు చుట్టుకుని ఉంది. విప్పిన బెండ్లు పొయ్యి పక్కనే పడి ఉన్నాయి.

మద్దయ్యను స్టేషన్‌లో కూర్చోబెట్టారు. దుడ్లకు ఆశపడి, బెండ్లు కట్టకుండా తన కోడల్ని ఎక్కించాడని హనుమంతయ్య చెప్పాడు.

కర్మలు కాగానే మద్దయ్య భార్య మారెమ్మ నంద్యాలకు వచ్చి, వాళ్ల పెరటి వాకిలి దగ్గర నిలబడింది.

"ముడి నువ్వే విప్పినావంట కదమ్మా. ఆ ఒక్క మాట చెప్పు. మా ఆయప్ప బయటికొస్తాడు."

"చెప్తే నా ఇంట్లో ఏమైతాదో తెలుసునా నీకు?"

"తెలుసమ్మా. చెప్పకుంటే నా ఇంట్లో ఏమైతాదో అదీ తెలుసు."

గౌరమ్మ లోపలికి పోయింది. మారెమ్మ వెళ్లిపోయింది.

మరునాడు ఎస్సై ఇంటికి వచ్చాడు. నువ్వు లోపలే ఉండు, నీకు మతి సరిగా లేదని చెప్తానని భర్త ముందే హెచ్చరించాడు. గౌరమ్మ కాఫీ తెచ్చి పెట్టి, లోపలికి పోకుండా అక్కడే నిలబడింది.

"ఆ బిడ్డ బెండ్లు కట్టుకునింది సార్. మద్దయ్య అవి లేకుండా ఎక్కించనన్నాడు. ఈయన విప్పమన్నాడు. నేను విప్పినా."

హనుమంతయ్య గ్లాసు కింద పెట్టాడు. ఆయన గొంతులో తొట్రుపాటు లేదు.

"ఇంటిరి కదా సార్. ఆమె విప్పింది."

ఎస్సై కొడుకు వైపు చూశాడు. "నువ్వేం చూసినావప్పా?"

ఉమామహేశ్వరరావు నేల చూస్తూ, "మా అమ్మే విప్పింది సార్" అన్నాడు. అందులో అబద్ధం ఏమీ లేదు.

ప్రమాదమని రాసుకుని మద్దయ్యను వదిలేశారు. గౌరమ్మ చెప్పిన మాటల్లో చివరిదొక్కటే వీధిలోకి పోయింది. కుళాయి దగ్గర ఆమె బిందె పెడితే ఆడవాళ్లు తమ బిందెలు పక్కకు జరుపుకున్నారు. కొడుక్కి మళ్లీ సంబంధాలు చూడబోతే, ఆ అత్త ఉన్న ఇంటికి పిల్లను ఇచ్చేది లేదన్నారు.

"అంతా నీ వల్లే" అన్నాడు హనుమంతయ్య.

"విప్పమనింది మీరు కాదా?"

"నోటితో అన్నా. అన్నవన్నీ చేస్తారా? విప్పిన చేతులు నీవి. ఎవురి బాధ్యత వాళ్లది."

మళ్లీ కార్తీకం వచ్చింది. అహల్య పేరుతో నడిచెరువులో దీపం వదలకపోతే ఇంటికి మంచిది కాదని ఎవరో చెప్పారు. భార్యాభర్తలు ఇద్దరే వచ్చారు. ఇప్పుడు ఒడ్డున పోలీసు ఒకడు నిలబడి ప్రతి మనిషికీ బెండ్లు కట్టిస్తున్నాడు. ఎవరూ అడగకముందే హనుమంతయ్య రెండు చేతులూ పైకెత్తి మద్దయ్య ముందు నిలబడ్డాడు. మద్దయ్య తాడు చుట్టి, వీపు వెనక ముడి వేసి, పుట్టిని పట్టుకోవడానికి నీళ్లలోకి దిగాడు.

"గౌరీ, ముడి గట్టిగా పడిందో లేదో లాగి చూడు" అన్నాడు హనుమంతయ్య.

గౌరమ్మ అప్పటికే పుట్టిలో కూర్చుంది. ఆమె తాడు తానే చుట్టుకుంది. ముడిని గుండెల మీద వేసుకుంది. ఒళ్లో అరటిదొప్ప ఉంది.

"నేను ముట్టను. మీ ముడి మీరే చూసుకోండి."

"బేగా ఎక్కప్పా" అని పోలీసు కేక వేశాడు. హనుమంతయ్య ఒక చెయ్యి వెనక్కి తిప్పాడు. తర్వాత రెండో చెయ్యి తిప్పాడు. ముడి అందలేదు.