కదలని ముల్లు

టాటీబంధ్ చౌరస్తాలో లారీల గ్యారేజీ నడిపే దానయ్యని చొక్కా పట్టుకుని అడగాల్సిన మాట నూకరాజు దగ్గర ఇప్పటికీ ఒకటి మిగిలే ఉంది. తెలిసినవాడివి, వయసులో పెద్దవాడివి, నేను చెయ్యమనగానే ఆ పని ఎలా చేశావు? బండికి అడ్డంగా పడుకోవద్దూ? తాళంచెవి లాక్కోవద్దూ? నోరుంది గనక నాలుగు మాటలని, కత్తెరుంది గనక తీగ కోసి, చేతులు తుడుచుకుని పోయావు. టెక్కలి మనిషివి, మా వైపువాడివని నమ్మినందుకు బుద్ధొచ్చింది. బీర్‌గావ్ టీకొట్టు దగ్గర ఎవరు దొరికితే వాళ్లకి నూకరాజు ఇదే వినిపిస్తాడు. వినేవాళ్లు తలాడిస్తారు. ఆ తలలతోనే మర్నాడు తమ బండ్లు తీసుకుని దానయ్య దగ్గరికే పోతారు.

నూకరాజు తండ్రి పార్వతీపురం వైపు నుంచి వచ్చి రాయపూర్ రైల్వేలో ఖలాసీగా చేరి, వ్యాగన్ల కింద నడుం విరగ్గొట్టుకుని పోయాడు. కొడుకు ఆరో తరగతిలో హిందీ మాస్టరు బెత్తానికి జడిసి బడి మానేసి లారీ ఎక్కాడు. సగం వయసు పరాయి బండ్ల మీదే గడిచిపోయింది. ఎనభై తొమ్మిదిలో ఒక పాత టాటా బండి బేరానికి వస్తే, భార్య అప్పలనరసమ్మకి పుట్టింటివాళ్లు పసుపు కుంకుమల కింద రాసిచ్చిన పొలం తాకట్టు పెట్టి, చాలనిది ఫైనాన్సులో తెచ్చి కొన్నాడు. ఆడదాని పసుపు కుంకుమల భూమి జోలికి మొగుడు పోకూడదని వాళ్ల వైపు ఒక కట్టు. అందుకే అప్పలనరసమ్మ ఒక షరతు పెట్టింది.

"మావా, బూమి ఇత్తన్నాను. మా తమ్ముణ్ని బండి మీద ఎట్టుకో. నా బూమి ఎక్కడుంటే నా రగతం అక్కడుండాల. సూసుకోడానికి ఒకడుండాల."

అలా పరదేశి బండెక్కాడు. ముప్పై దాటని మనిషి, నవ్వుమొహం. సగం దూరం స్టీరింగు పట్టేవాడు, మిగతా సగం క్లీనరు పని చేసేవాడు. చక్రాల కింద రాయి పెట్టడం, తియ్యడం అతని వంతు. హ్యాండు బ్రేకు అరిగిపోయి చాలాకాలమైంది.

హోళీ వెళ్లిన వారంలో బజర్ మొదలుపెట్టింది. బ్రేకులు పట్టించే గాలి ట్యాంకులో తక్కువైతే డ్రైవరు మోకాళ్ల దగ్గర కీచుమని అరిచే పరికరం అది. బండి కదిలిన దగ్గర్నుంచి అరిచేది. కాసేపు ఊరుకునేది. బ్రేకు మీద నాలుగుసార్లు కాలు పడితే మళ్లీ అందుకునేది. దాని పక్కనే గాలి మీటరు. అందులో ముల్లు మాత్రం పచ్చగీత మీద నిక్కచ్చిగా నిలబడి, ఈ గోలంతా తనది కాదన్నట్టుండేది.

దానయ్య బండి కిందికి దూరి, బయటికొచ్చి, క్యాబిన్లోకి తల పెట్టి చూశాడు.

"తమ్ముడూ, బజరేమో గాలి నేదంటన్నాది. మీటరేమో ఉందంటన్నాది. ఇద్దర్లో ఒకడు దొంగ."

"ఆ దొంగ ఎవడో తెల్డం నేదేటి? అరిసేవోడే. దొంగే కదా ముందు గోల పెట్టేది," అన్నాడు నూకరాజు.

"మా అక్క కూడా అరుస్తాది బావా. అయితే ఆయమ్మ కూడా దొంగేనా?" అన్నాడు పరదేశి.

"ఒరే, ఇంటికెళ్లి సెప్పకు. అన్నం పెట్టదు."

ముగ్గురూ నవ్వారు. నవ్వుతూనే దానయ్య అడిగాడు. "నీ మీటరు ఎప్పుడైనా దిగిందా?"

"దిగడమా? రేత్రి బండాపి, తెల్లారొచ్చి సూసినా ఇలగే ఉంటాది. సుక్క గాలి పోదు. టాటీబంధ్ మొత్తం మీద ఇలాటి బండి ఇంకోటి సూపించన్నా, మీసం తీసేస్తాను!"

గుడ్డతో చేతులు తుడుచుకుంటున్న దానయ్య ఆగిపోయాడు. నవ్వు సగంలో ఉండగానే మొహం మారిపోయింది.

"రేత్రంతా ఆపినా దిగదా?"

"దిగదు."

"బతికున్నోడి నాడి కదుల్తాది తమ్ముడూ. కదల్నేదంటే ఆడు గట్టోడని కాదు." గుడ్డ పక్కన పడేశాడు. "ఇంజిన్ ఆపితే ఎంత మంచి బండికైనా తెల్లారేసరికి గాలి దిగాల. బజర్‌కి సిగ్నలిచ్చే స్విచ్చి మారుద్దాం, మీటరూ మారుద్దాం. అప్పుడు అసలు గాలి ఎక్కడ పోతన్నాదో సూస్తాను. దుకాణంలో సామాను నేదు. నాగపూర్ నుంచి రేపు సాయంత్రం బస్సులో వస్తాది."

రేపు సాయంత్రం. నూకరాజుకి ఆ మాట మీదే కోపం వచ్చింది. సిమెంటు ఆ పూటే ఎక్కాలి. జగదల్‌పూర్‌లో వంతెన కడుతున్న కాంట్రాక్టరు మొదటిసారి నమ్మి ఇచ్చిన లోడు. ఇది వేళకి చేరితే వానలు పడేదాకా బండికి పనే పని. చేరకపోతే వరసలో వెనక నిలబడ్డ ఇంకొకడికి పోతుంది. తాకట్టు పొలం వెనక్కి తేవాలన్నా ఇదే దారి.

"ఘాటీ రోడ్డు తమ్ముడూ. కేశ్‌కాల్ ఘాటీ."

"పోయేటప్పుడు ఎక్కుడే కదా. ఎక్కడానికి బ్రేకెందుకు?"

"ఒచ్చీటప్పుడో?"

"అన్నా, నువ్వు మిస్త్రీవా, పంచాంగం సూసే పంతులువా? అప్‌శకునం మాటలు ఒగ్గేయి. ఆ తీగ కొయ్యి. సెవులు తూట్లు పడిపోతన్నాయి."

టాటీబంధ్‌లో బండి ఎవరిదైతే మాట వాళ్లదే. మాలిక్ చెప్పింది చెయ్యని మిస్త్రీ దగ్గరికి మర్నాడు ఇంకో మాలిక్ రాడు. దానయ్య కత్తెర తెచ్చాడు. తీగ కోశాడు. కొసలకి టేపు చుట్టకుండా విడివిడిగా వంచి వదిలేసి, నూకరాజుతో కాదు, పరదేశితో అన్నాడు.

"రెండు కొసలూ ఇక్కడే ఉన్నాయి బాబూ. కావాలంటే కలుపుకో."

బండి ధమ్‌తరీ దాటాక పరదేశి అన్నాడు, "ఏటో బావా, పక్కనున్నోడు మాటాడ్డం మానేసినట్టుంది."

"హాయిగా నేదూ?"

పరదేశి వంగి తీగ కొసల వైపు చూశాడు.

ఘాటీ ఎక్కారు. నూకరాజు అన్నట్టే ఎక్కడానికి బ్రేకుతో పని పడలేదు. పైకి చేరగానే దానయ్యని, అతని నాడిని, అతని పంచాంగాన్ని తలుచుకుని నూకరాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. జగదల్‌పూర్‌లో సిమెంటు దింపారు. కాంట్రాక్టరు భుజం తట్టి ఇంకో లోడు ఖాయం చేశాడు. ఖాళీగా రావడమెందుకని చింతపండు బస్తాలు నిలువెత్తున ఎక్కించుకున్నారు.

తిరుగు దారిలో కొండగావ్ దగ్గర ఎడ్లబండి అడ్డం వచ్చింది. లారీ ఆగాల్సిన చోట ఆగలేదు. ఇంకాస్త జరిగి, ఎద్దు తోకని తాకబోయి ఆగింది. బండివాడు తిట్టాల్సినవన్నీ తిట్టి పోయాడు.

"బావా, బ్రేకు లోనికి పోతన్నాదా?"

"లోడు బండిరా. సిమెంటు బస్తా వేరు, సింతపండు బస్తా వేరు."

"రెండూ బస్తాలే కదా."

"నోర్మూసుకుని రోడ్డు సూడు."

అక్కడే టీ తాగడానికి ఆపితే, బ్యాటరీలో హారన్ మోగేంత బలమే ఉంది, ఇంజిన్ తిప్పేంత లేదు. టీకొట్టు దగ్గరున్నవాళ్లు నెడితే గాని స్టార్టవలేదు.

ఘాటీ దిగుడులో, మలుపుల మధ్య, తేలిన్ మాత గుడి ఉంది. లారీవాళ్లు అక్కడ ఆగి దండం పెట్టుకుని గాని పోరు. నూకరాజుకి తోలడం నేర్పిన వెంకటస్వామి ఇంకో పద్ధతి కూడా నేర్పాడు: అమ్మ ముందు ఇంజిన్ ఆపాలి. ఇంజిన్ ఆడుతుండగా దండం పెడితే చెప్పులతో గుళ్లోకి పోయినట్టే. ఇన్నేళ్లలో నూకరాజు ఒక్కసారి కూడా ఆ పద్ధతి తప్పలేదు. ఆ రోజూ తప్పలేదు. ఇంజిన్ ఆపాడు. పరదేశి దిగి చక్రం కింద రాయి పెట్టాడు.

నూకరాజు కొబ్బరికాయ కొట్టి, బొట్టు పెట్టుకుని, తెలిసిన డ్రైవర్లు కనిపిస్తే బీడీ వెలిగించి కబుర్లలో పడ్డాడు. చింతచిగురు రంగు ఎండ కొండ మీద వాలుతోంది. ఒక్కసారిగా వెనక నుంచి కీచుమని అరుపు. గుడి ముందున్న వాళ్లంతా తలలు తిప్పారు.

పరదేశి క్యాబిన్లో కూర్చుని రెండు కొసలూ కలిపాడు.

"కా హోగిస్ గా? ఏమైందయ్యా?" అన్నాడు ఒక ఛత్తీస్‌గఢీ డ్రైవరు.

నూకరాజుకి తల తీసేసినట్టయింది. అమ్మవారి ముందు, నలుగురి ముందు తన బండి అలా ఏడవడం. పరుగున వచ్చి చెయ్యి లోపలికి పెట్టి తీగ పీకి పారేశాడు.

"సిగ్గునేదురా నీకు? సూడు! ముల్లు సూడు!"

ముల్లు పచ్చగీత మీదే ఉంది.

"అదే సూస్తన్నాను బావా. మనం రాయపూర్లో బయల్దేరినప్పుడూ అక్కడే ఉంది. ఎడ్లబండి మీదికి పోయినప్పుడూ అక్కడే ఉంది." పరదేశి గొంతు తగ్గించాడు. "స్టార్టు సేసి కాసేపు ఆగుదాం. గాలి నిండనీ."

"స్టార్టు ఎలగ సేస్తావు? బ్యాటరీకి బలం నేదు. దొర్లించే స్టార్టు సెయ్యాల. నిలబెట్టి గాలి నింపుతాడంట! దానయ్య నీ సెవిలో ఊదినాడేటి? రాయి తియ్యి."

వెనక రెండు లారీలు హారన్ కొడుతున్నాయి. పరదేశి ఒకసారి గుడి వైపు, ఒకసారి బావ వైపు చూసి దిగాడు. రాయి తీశాడు. బండి కదిలింది. రాయి పక్కకి విసిరి, ఎప్పటిలాగే పరుగెత్తి వచ్చి ఎడమవైపు ఫుట్‌బోర్డు మీదికి గెంతి, తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

కాస్త వేగం అందుకున్నాక గేరు వేస్తే ఇంజిన్ అందుకుంటుంది. నూకరాజుకి అది చేతిలో పని. కాని చింతపండు బరువుకి వేగం అనుకున్నదానికంటే ముందే వచ్చేసింది. గేరు గర్రుమంది, పడలేదు. మళ్లీ వేశాడు. పడలేదు. మలుపు ఎదురొచ్చింది. బ్రేకు తొక్కాడు. పెడలు అడుగుదాకా దిగిపోయింది. పెడలుకీ చక్రాలకీ మధ్య ఏమీ లేనట్టుంది. మళ్లీ తొక్కాడు. కళ్లు మీటరు మీదికి పోయాయి.

పచ్చగీత. ముల్లు పచ్చగీత మీద.

కుడివైపు లోయ, అందులో చెట్ల కొసలు. ఎడమవైపు కొండరాయి. ఎడమవైపే పరదేశి.

నూకరాజు స్టీరింగు ఎడమకి తిప్పాడు.

బండి కొండని రాసుకుంటూ పోయి, పక్కకి వాలి ఆగింది. బస్తాలు పగిలి రోడ్డంతా చింతపండు. ఆ పుల్లటి వాసన మధ్య, అద్దంలోంచి లాగుతుంటే నూకరాజు ఆఖరిసారి చూసింది మీటరునే. బండి ఒరిగి పడున్నా ముల్లు తన చోట తాను ఉంది.

పరదేశి బతికాడు. ఎడమ కాలు మోకాలికి పైన తీసేశారు. రాయపూర్ పెద్దాసుపత్రికి దానయ్య కూడా వచ్చాడు. వచ్చి, చిన్న అట్టపెట్టె కిటికీలో పెట్టి, మంచం పక్కన నిలబడ్డాడు. నాగపూర్ నుంచి వచ్చిన స్విచ్చి. ఎవరూ చెప్పకుండానే తెప్పించాడు.

"ఇప్పుడా తెచ్చేది?" అని నూకరాజు అరిచాడు.

దానయ్య వెళ్లిపోయాక అప్పలనరసమ్మ అడిగింది. "మావా, ఆ తీగ నువ్వు కొయ్యమన్నావా? ఆడు కోసినాడా?"

"ఆడే కోసినాడు."

పరదేశి వింటూనే ఉన్నాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇప్పటికీ ఆ సంగతి ఎత్తడు.

బండి ఫైనాన్సువాడు తుక్కు కింద పట్టుకుపోయాడు. ఆసుపత్రికి, చింతపండు షావుకారుకి, పాత తాకట్టుకి కలిపి పొలం అమ్మాల్సి వచ్చింది. పార్వతీపురం రిజిస్ట్రారు ఆఫీసులో అప్పలనరసమ్మ ఏడవలేదు. వేలిముద్ర వేసి, సిరా చీరకొంగుకి తుడుచుకుంటూ అంది.

"బూమీ, తమ్ముడూ ఇద్దర్నీ నీ బండి మీదే ఎక్కించినాను మావా. దించినప్పుడు ఒక కాలు మిగిలినాది."

దానికీ నూకరాజు దానయ్యనే తిట్టాడు. టీకొట్టు దగ్గర నేటికీ తిడుతూనే ఉన్నాడు. అన్నీ చెప్పుకొచ్చి చివర అమ్మేసిన పొలం లెక్క చెప్పి ఆగుతాడు: పక్కనే కాలవ, రెండు పంటలు పండే పల్లపు భూమి, ఎకరా ముప్పై అయిదు సెంట్లు.