అరవై దాటని ముల్లు

అతివేగానికి నాలుగో నోటీసు రాగానే ఆమె దాన్ని కూడా కుట్టుమిషను సొరుగులో, బాబిన్ల కింద దాచేసింది. మొదటి మూడూ అక్కడే ఉన్నాయి. ఈ నాలుగోదానికి మాత్రం తోక ఉంది: మంగళవారం పదకొండు గంటలకు రవాణా అధికారి ముందు హాజరై, ఆరు నెలల పాటు లైసెన్సు ఎందుకు నిలిపివేయకూడదో చెప్పుకోవాలి.

ఆరు నెలలంటే కొంప మునిగినట్టే. ఆమె కుట్టుమిషన్లు బాగుచేస్తుంది. నలభై రెండేళ్ళొచ్చినా అందరికీ ‘మిషన్లమ్మాయే’. నాన్న పోయాక ఆయన పానాలు, ఆయన ఖాతాదార్లు, ఆయన నీలం వ్యాను ఆమె చేతికొచ్చాయి. వచ్చే వారం నుంచి యూనిఫారాలు కుట్టే షెడ్డులో నలభై మిషన్ల పని. వ్యాను లేకపోతే ఆ మిషన్లను నెత్తిన పెట్టుకుని మోయాలి.

అంతుపట్టనిది ఒక్కటే. కొత్తగా కెమెరాలు పెట్టిన వంతెన రోడ్డు మీద వేగం హద్దు అరవై. ఆమె ఏనాడూ మీటరు ముల్లును అరవై దాటనివ్వలేదు.

మంగళవారం తొమ్మిదిన్నరకు అమ్మ ఎప్పటిలాగే ముందు సీటులో ఎక్కి కూర్చుంది.

“ఎక్కడికే?”

“ఆఫీసులో చిన్న పనుందమ్మా.”

“చిన్న పనికి ఇస్త్రీ బట్టలెందుకో?”

ఆమె గేరు మార్చింది. సీటు కింద నుంచి మిషను నూనె వాసన వచ్చింది. ఎన్నిసార్లు కడిగినా పోదది. చిన్నప్పుడు ఇదే వ్యానులో, అమ్మానాన్నల మధ్య, మడతపెట్టిన గోనెపట్టా మీద కూర్చునేది. అమ్మకు వేగమంటే హడల్. ఒక చేత్తో తలుపు పట్టుకుని, కళ్ళు మీటరుకు అప్పగించేది. “అరవై! ముల్లు అరవై మీదికొచ్చేసింది!” అని కేక పెట్టేది. “వచ్చి నిలబడిందే. దాటలేదుగా,” అనేవాడు నాన్న, పకపకా నవ్వుతూ. సూదిమొనంత తేడా కూడా వేలితో తడిమి పట్టుకునే మనిషి. ఆయన మీటరు తప్పుతుందని ఎవరనుకుంటారు?

పాలకేంద్రం దగ్గర ఇక దాచలేకపోయింది. నాలుగు నోటీసుల సంగతీ కక్కేసింది.

అమ్మ తిడుతుందనుకుంది. అమ్మ నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది.

“ఇన్నాళ్ళూ నా దగ్గర దాచావటే? దొంగమొహమా! ఇక్కడి నుంచి వంతెన దాకా పది కిలోమీటర్ల రాళ్ళున్నాయి. అరవైలో పోతే నిమిషానికో రాయి. అవునా?”

“అవును.”

“అయితే పోనీ.” అమ్మ చేతి గడియారం విప్పి ఒళ్ళో పెట్టుకుంది.

ముల్లు అరవై దగ్గర మేకు కొట్టినట్టు నిలబడింది. ఒక్కొక్క రాయీ వెనక్కు పోయింది. వంతెన రాగానే అమ్మ గడియారం ఎత్తి చూపింది.

ఎనిమిది నిమిషాలు.

ఆమె వ్యాను పక్కకు తీసి ఆపింది. “అంటే డెబ్బై అయిదులో వచ్చామా?”

“నన్నడుగుతావేం? మీ గేర్ల బాబాయినడుగు.”

గేర్ల బాబాయి నాన్నకు ప్రాణస్నేహితుడు. ఆయన మెకానిక్ షెడ్డు వంతెన అవతలే. ప్రశ్న వినగానే ఆయన చేతులకు లేని మసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

“నాకేం తెలుసమ్మా?”

“నా లైసెన్సు పోతోంది బాబాయ్.”

ఆయన వ్యానులో ఉన్న అమ్మ వైపు ఓ చూపు చూసి గొంతు తగ్గించాడు. “మీటరు వైరు మొదట్లో చిన్న పళ్ళచక్రం ఉంటుంది. పదహారు పళ్ళది తీయించి ఇరవై పళ్ళది వేయించాడు మీ నాన్న. దాంతో బండి డెబ్బై అయిదులో పోతున్నా ముల్లు అరవై అంటుంది. మీ అమ్మ భయపడకూడదని. వదినకు చెప్పనని నా చేత ఒట్టు కూడా వేయించుకున్నాడు.”

“ఇరవై ఏళ్ళుగా తెలుసు మరిదీ,” అంది అమ్మ కిటికీలోంచి. “ఆ గుసగుసలు కట్టిపెట్టు.”

బాబాయి నోరు తెరుచుకునే ఉండిపోయింది.

“మరి నాన్నకెందుకు చెప్పలేదమ్మా?”

“చెబితే బాగుచేయించేసేవాడు. నా భయం కోసం అంత తిప్పలుపడ్డ మనిషిని పట్టిచ్చేదాన్నా? అరవై అని నేను అరిస్తేనే గదా ఆయన నవ్వేది.” అమ్మ గడియారం చేతికి పెట్టుకుంది. “భయం ఎప్పుడో పోయిందిలే. అరుపు మాత్రం మానలేదు.”

బాబాయి తేరుకుని పానా అందుకున్నాడు. “రెండు నిమిషాల్లో మార్చేస్తా.”

“ముట్టుకోకు బాబాయ్! నాకున్న సాక్ష్యం అదొక్కటే. నువ్వూ ఎక్కు.”

టైము పదీ ఇరవై. ఇంకా ముప్పై కిలోమీటర్లు. నిజం అరవై కావాలంటే ముల్లు నలభై ఎనిమిది దగ్గర ఉండాలి. ఆమె ముల్లు మీద నుంచి చూపు తిప్పకుండా నడిపింది. వెనక నుంచి హారన్లు. “నత్తలు కూడా దాటిపోతున్నాయి,” అని గొణిగాడు వెనక మిషన్ల మధ్య ఇరుక్కున్న బాబాయి. పదకొండుకు అయిదు నిమిషాలుండగా ఆఫీసు గేటు దాటారు.

అధికారి కాగితాల మీద నుంచి తలెత్తలేదు. “మీటరు తప్పంటారా? ఈ నెలలో ఆ మాట చెప్పినవాళ్ళలో మీరు పదకొండోవారు.”

ఆమె నాలుగు నోటీసులూ వరసగా బల్ల మీద పరిచింది. “డెబ్బై అయిదు. డెబ్బై అయిదు. డెబ్బై నాలుగు. డెబ్బై అయిదు. వేగం పిచ్చి ఉన్నవాళ్ళ అంకెలు ఇలా ఒక్కచోటే ఉంటాయా సార్?”

ఆయన కళ్ళజోడు తీశాడు. ఇన్‌స్పెక్టరును పిలిచాడు. ఆఫీసు వెనక ఖాళీ రోడ్డు మీద ఇన్‌స్పెక్టరు వేగం కొలిచే పరికరంతో నిలబడ్డాడు. వ్యానులో ముల్లు నలభై. పరికరంలో యాభై. మూడుసార్లు చూసినా అంతే.

“సరే,” అన్నాడు అధికారి, “మొదటి నోటీసుకే మీటరు ఎందుకు చూపించుకోలేదు?”

నోటీసు అందలేదని చెప్పొచ్చు. చూసేవాళ్ళు దొరకలేదని కూడా చెప్పొచ్చు. నాలిక చివరిదాకా వచ్చాయి రెండూ.

“అది మా నాన్న మీటరు సార్. కెమెరాలే తప్పనుకున్నాను.”

ఆయన కలం అందుకున్నాడు. “మీ నాన్నగార్ని నేనేం చేయలేను. మిమ్మల్ని ఊరికే వదల్లేను.” ఆరు నెలలు కొట్టేసి ముప్పై రోజులని రాశాడు. చక్రం మార్చాకే వ్యాను రోడ్డెక్కాలన్నాడు.

“ముప్పై రోజులూ నేను తోల్తాలే,” అన్నాడు బాబాయి మెట్లు దిగుతూ.

“నువ్వా? నీకంటే ఎద్దుబండి నయం,” అంది అమ్మ. కానీ తోలాడు. నలభై మిషన్లూ యూనిఫారాల షెడ్డులో ఆడాయి.

ముప్పై ఒకటో రోజు పాలకేంద్రం దగ్గర ఆమె చేతుల్లోనే ఉంది స్టీరింగు. ఇరవై పళ్ళ చక్రం నోటీసుల మీద, బాబిన్ల పక్కన, సొరుగులో ఉంది. అమ్మ గడియారం ఒళ్ళో పెట్టుకుంది.

ముల్లు మెల్లగా పైకెక్కింది.

“అరవై!” అని కేక పెట్టింది అమ్మ.

“వచ్చి నిలబడిందమ్మా,” అంది ఆమె. “దాటలేదుగా.”

అమ్మ ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. వంతెన మొదటి కమ్మీ కనిపించగానే గడియారం చూసింది.

“పది నిమిషాలు,” అంది. “మీ నాన్నయితే ఈపాటికి అవతలి ఒడ్డున దిగి, ఇంకా రాలేదేమని మనల్ని తిడుతుండేవాడు.”