ఆదర్శ దంపతుల శాలువా

నేను ఒక శాలువాను. పేరు విని చలికి పనికొస్తాననుకునేరు! నన్ను కప్పుకుంటే చలి ఆగదు, ఉక్కపోస్తే నేను చెమటా పీల్చను. నాలో నూలుపోగు ఒక్కటీ లేదు. ఈ సంగతి నన్ను నేసిన మరమగ్గానికి తెలుసు, కొన్నవాళ్లకు తెలుసు, కప్పించుకున్నవాళ్లకు అందరికన్నా బాగా తెలుసు. ముదురు ఎరుపు రంగు, రెండు పక్కలా జరీ అని నమ్మించే మెరుపు అంచు. సభలో ఫొటో తీసేంతసేపు ఒక మనిషి భుజాల మీద ఉండటమే నా ఉద్యోగం. ఆ తర్వాత మళ్లీ మడత, సంచీ, బీరువా.

పుట్టింది ఎక్కడో ఉత్తరాదిన. పుట్టిన ఊరు చూసే భాగ్యం లేకుండానే కట్టగట్టి లారీ ఎక్కించారు. విశాఖపట్నం పూర్ణా మార్కెట్ దగ్గర ఒక కొట్లో దింపారు. ఆ కొట్లో ఒక పక్క మేం, ఇంకో పక్క జ్ఞాపికలు, వాకిట్లో పూలదండలు. మనిషిని గొప్పవాణ్ని చెయ్యడానికి కావలసిన సరంజామా అంతా అక్కడే దొరికేది. మొదట నన్ను పదవీ విరమణ చేసిన ఒక లెక్కల మాస్టారికి కప్పారు. ఆయన నన్ను మడత విప్పకుండా దాచి, తన మోకాళ్లు చూసిన డాక్టరుగారికి కప్పాడు. డాక్టరు ఒక పురాణం చెప్పే శాస్త్రిగారికి కప్పాడు. శాస్త్రిగారు ఎవరికో, ఆ ఎవరో ఇంకెవరికో. నేను ఎక్కిన భుజాలన్నీ గొప్పవే, ఒక్క భుజానికీ నేను అక్కర్లేదు. అయినా ఒక్కరూ వద్దనలేదు. 'నాకెందుకండీ ఇవన్నీ' అంటూనే మెడ వంచేవారు.

అలా తిరిగి తిరిగి జోగారావు బీరువాలోకి చేరాను. ఆయన ఓడరేవు ఆఫీసులో పెద్ద గుమాస్తాగా చేసి దిగిపోయి, ఉదయకిరణ సాంస్కృతిక సమితికి కార్యదర్శి అయ్యాడు. ఆయన ఉన్నచోట నలుగురు మనుషులు చేరితే అయిదోది మైకు. చెడ్డవాడు మాత్రం కాదు. చెడ్డవాడే అయితే తిట్టుకుని ఊరుకునేదాన్ని, ఇంత చేదు మిగిలేది కాదు.

ఆ బీరువాలో మా మంద అంతటినీ మడతపెట్టి, మధ్య మధ్య కలరా ఉండలు వేసి సర్దేది ఆయన భార్య నూకరత్నం. ఎరుపువి ఒక వరస, ఆకుపచ్చవి ఒక వరస, నీలాలు ఒక వరస. ఆవిడ చేతులు మెత్తన. నన్ను ఎవరికీ కప్పడానికి కాకుండా ఊరికే ముట్టుకున్న చేతులు అవే.

ఒకరోజు ఆ చేతులు సర్దుతూ సర్దుతూ ఆగిపోయాయి. నూకరత్నానికి కళ్లలో నీటికాసులట. చూపు పక్కలనుంచి మూసుకొస్తోందట. "పోయిన చూపు తిరిగి రాదన్నారండీ కళ్ల డాక్టరుగారు. ఉన్నది ఎన్నాళ్లుంటుందో చెప్పలేమన్నారు. చూడాలనుకున్నవేవన్నా ఉంటే వాయిదా వెయ్యొద్దమ్మా అన్నారు," అని మొగుడికి చెప్పింది.

"ఏం చూడాలనుంది నీకు? కాశీయా? రామేశ్వరమా?" అన్నాడు జోగారావు.

"అరకులో వలిసె పూలు చూడాలి," అంది ఆవిడ.

చిన్నప్పుడు వాళ్ల నాన్న రైల్వేలో పట్టాలు చూసే పని మీద అరకులో ఉండేవాడట. చలికాలం మొదలయ్యేసరికి లోయంతా వలిసె చేలు పూసి పసుపుపచ్చగా అయిపోయేదట. నూకరత్నం, వాళ్ల అక్క ఆ చేలోకి పోయి కూర్చుంటే పూలు తలకన్నా ఎత్తున ఉండేవట. అమ్మ గట్టు మీద నిలబడి పిలిచి పిలిచి విసిగిపోయేదట. నాన్నకు బదిలీ అయి విశాఖ వచ్చేశారు, ఇక్కడే పెళ్లయింది. పొద్దున బయల్దేరితే రాత్రికి ఇల్లు చేరగల ఊరు అరకు. కాపురం మొదలైనప్పటినుంచీ ఆవిడ అడుగుతూనే ఉంది, ఆయన ఒకటే మాట అంటూనే ఉన్నాడు: "దగ్గరే కదా, ఎప్పుడైనా వెళ్లొచ్చు." దూరపు కొండలు నునుపంటారు. దగ్గరి కొండల సంగతి ఎవరూ చెప్పలేదు, వాటిని అసలు చూడనే చూడరు.

ఈసారి మాత్రం జోగారావు చలించాడు. "పూలు పూయగానే వెళ్దాం రత్నం. మనిద్దరమే," అన్నాడు. ఆ మాట అన్నప్పుడు నిజంగానే అన్నాడు. నేను బీరువాలోంచి విన్నాను.

కానీ పూలు పూసేది కార్తీకమాసం. కార్తీకమాసమంటే వనభోజనాలు. ఎలాగూ వెళ్తున్నాం కాబట్టి సమితి వనభోజనాలు అరకులోనే పెడితే పుణ్యం, పురుషార్థం రెండూ కలిసొస్తాయని ఆయనకు తోచింది. బస్సు మాట్లాడాడు. ఎలాగూ అందరూ ఒకచోట ఉంటారు కాబట్టి చిన్న సభ. సభ అన్నాక ఉత్తి చేతులతో ఎలా? పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు, చెట్టు కింద అన్నం తినడానికి పోతూ మమ్మల్నందర్నీ సంచీలో సర్దాడు. అందరికన్నా పైన నేను.

ఆ సంచీ నూకరత్నం ఒళ్లో పెట్టారు. "నలగకూడదు, జాగ్రత్త," అన్నాడు. కిటికీ పక్క సీట్లు సమితి పెద్దలకు వెళ్లాయి. ఆవిడ ముందు సీట్లో, కిటికీ దగ్గర, గౌరవాధ్యక్షుడు సన్యాసిరావుగారు కూర్చున్నాడు. ఆవిడ నడవ పక్కన.

బస్సు తెల్లవారుతూనే బయల్దేరాలి. సన్యాసిరావుగారి పూజ పూర్తయ్యేసరికి ఎండెక్కింది. శృంగవరపుకోటలో టిఫిన్లు, కాఫీలు. ఘాట్ రోడ్డులో నీళ్లు కనబడ్డ ప్రతిచోటా దిగి, సమితి బ్యానరు పట్టుకుని ఫొటోలు. ఒకచోట జలపాతం కనబడకుండా సరిగ్గా దాని ముందే బ్యానరు పట్టారు. అనంతగిరి వచ్చేసరికి చలి మొదలైంది. నూకరత్నం చేతులు సంచీలోకి పోయి నన్ను పట్టుకున్నాయి.

"రత్నం, చెయ్యి తియ్యి. మడతలు చెదిరిపోతాయి," అన్నాడు వెనకనుంచి మొగుడు. తీసింది.

లోయలోకి దిగుతుంటే వెనక సీట్లవాళ్లు "అదిగో పసుపు! అదిగదిగో!" అని అరిచారు. నూకరత్నం లేచి నిలబడింది. ముందు సీటు కిటికీకి తెర వేసి ఉంది. సన్యాసిరావుగారు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

"ఆ తెర కాస్త తియ్యండి, ఒక్కసారి చూస్తాను," అంది.

"పెద్దాయన ఇప్పుడే కునుకు తీశారు. లేపితే బాగుంటదేటి? దిగాక తనివితీరా చూద్దువుగాని. ఎక్కడికి పోతాయేటి పూలు?" అన్నాడు జోగారావు. ఆవిడ కూర్చుంది.

దిగింది ఒక రిసార్టు. వనభోజనమంటే ఉసిరిచెట్టు నీడన తినాలి. ఉసిరిచెట్టు ఉంది, కొంచెం పైన, గుట్ట మీద. కానీ మైకు తీగ అక్కడిదాకా అందలేదు. అందుకని చెట్టునుంచి ఒక కొమ్మ విరిచి తెచ్చి హాల్లో స్తంభానికి కట్టి, దాని చుట్టూ విస్తళ్లు వేసుకుని కూర్చున్నారు. వనం హాల్లోకి వచ్చేసింది, పుణ్యం సంగతి కార్తీక దామోదరుడే తేల్చుకోవాలి.

వలిసె చేలు రోడ్డుకు అవతలే ఉన్నాయి. గోడ అడ్డం కాబట్టి హాల్లోంచి కనబడవు. భోజనాలయ్యాక నూకరత్నం మొగుడి దగ్గరికొచ్చింది. "మీరు సభ చూసుకోండి. నేనలా రోడ్డు దాటి వచ్చీస్తానండి," అంది.

"ఒక్కదానివేనా? పక్కన ఏం వస్తోందో నీకు కనబడదు కదా. కార్లు అలా తిరుగుతుంటేను! అరగంటలో మీటింగ్ అయిపోద్ది. నేనే తీసుకెళ్తాను," అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. ఏ కళ్ల కోసం వచ్చారో ఆ కళ్లనే అడ్డం పెట్టాడని ఆయనకు తట్టలేదు.

సన్మానం అంటువ్యాధి లాంటిది. మొదట రిసార్టు యజమానికి కప్పారు. ఆయనకు కప్పి సన్యాసిరావుగారికి కప్పకపోతే ఏం మర్యాద? ఆయనకు కప్పాక కోశాధికారి మొహం ముడుచుకున్నాడు. కోశాధికారికి కప్పితే పులిహోర వండి తెచ్చినావిడ భర్త గొంతు సవరించుకున్నాడు. కప్పించుకున్న ప్రతివాడూ రెండు ముక్కలు మాట్లాడతానని మొదలుపెట్టి తన చిన్నతనం దాకా వెళ్లాడు. సంచీలోంచి ఒక్కొక్కరే వెళ్లిపోయి, నన్ను పక్కన పెడుతూ పెడుతూ చివరికి నేనొక్కదాన్నే మిగిలాను. హాలు గుమ్మంలో పడ్డ ఎండ సన్నబడి గడప దాకా పోయింది.

నూకరత్నం కుర్చీలోంచి లేచింది. గోడ పట్టుకుని గుమ్మం దాకా వెళ్లి, చెప్పులు వేసుకుని, ఒక కాలు బయట పెట్టింది.

అప్పుడే మైకులో సన్యాసిరావుగారు గొంతెత్తాడు. "మీకెవరికీ చెప్పకుండా దాచిన కార్యక్రమం ఒకటుంది! మన కార్యదర్శి జోగారావుగారికీ, ఆయన వెనకే నీడలా నడిచిన శ్రీమతి నూకరత్నమ్మగారికీ ఉదయకిరణ ఆదర్శ దంపతుల పురస్కారం!"

చప్పట్లు. జోగారావుకు నిజంగానే తెలియదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "రత్నం! రత్నం, రా!" అని వేదిక మీదనుంచి చెయ్యి చాపాడు. హాలంతా గుమ్మం వైపు తిరిగి చప్పట్లు కొడుతోంది. ఆవిడ ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టుకుని అలా నిలబడింది. నాకు మాటే వస్తే 'వెళ్లవమ్మా' అని అరిచేదాన్ని. ఆవిడ చెప్పులు విప్పి వెనక్కి వచ్చింది.

మిగిలిన శాలువా నేనొక్కదాన్నే. అందుకని ఇద్దరి భుజాలకూ కలిపి నన్నే కప్పి, జారిపోకుండా 'ఆదర్శ దంపతులు' అని రాసిన బిళ్ళ నా అంచులోంచి పిన్నుతో గుచ్చారు. ఆ తర్వాత సన్యాసిరావుగారు భార్య అంటే ఎలా ఉండాలో మాట్లాడాడు. మాట్లాడుతూనే ఉన్నాడు. ఆవిడ భుజం నా కింద వణుకుతోంది.

"చలేస్తోందా?" అని గుసగుసగా అడిగాడు జోగారావు.

"లేదు," అంది.

బయటికి వచ్చేసరికి లోయ నిండా మంచు దిగింది. ఆ కొండల్లో చలికాలం పొద్దు చెప్పాపెట్టకుండా పోతుంది. జోగారావు ఆవిడ చెయ్యి పట్టుకుని గబగబా రోడ్డు దాటించాడు. సెల్‌ఫోన్ లైటు వేశాడు. లైటు మంచు మీద పడి అంతా తెల్లగా అయిపోయింది. ఆవిడ వంగి చేత్తో తడుముకుంటూ పూలు పట్టుకుంది. ఒకటి కళ్లకు ఆనించేంత దగ్గరగా పెట్టుకుని చూసింది.

"రంగు తెలీట్లేదండీ," అంది.

బస్సు హారను కొట్టింది. "వచ్చే ఏడు వద్దాం రత్నం. సమితీ వద్దు, ఏమీ వద్దు, మనిద్దరమే," అన్నాడు. ఘాట్ దిగినంతసేపూ ఆవిడ నన్ను చుట్టుకునే కూర్చుంది. ఆవిడ పళ్లు కొట్టుకుంటుంటే, శాలువాగా పుట్టినందుకు మొదటిసారి సిగ్గుపడ్డాను.

చుక్కల మందు వేస్తూనే ఉన్నారు. చూపు దాని దారిన అది పోయింది. మళ్లీ వానలు పడేసరికి నూకరత్నానికి వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియడం లేదు. ఆదర్శ దంపతుల ఫొటో పెద్దది చేయించి హాల్లో కట్టారు. వచ్చినవాళ్లంతా బాగుందన్నారు, ఆవిడ తప్ప.

ఒక సాయంత్రం జోగారావు బీరువా తెరిచి చాలాసేపు నిలబడ్డాడు. పై వరసలో ఉన్న నన్ను తీశాడు. వెళ్లి ఆవిడ భుజాల మీద కప్పాడు.

"నీకోసం కొత్త శాలువా తెచ్చాను రత్నం. పసుపు రంగు. అచ్చం వలిసె పూల రంగే," అన్నాడు.

నన్ను కప్పుతూ మనుషులు చెప్పిన అబద్ధాలు చాలా విన్నాను. నన్నే అబద్ధం చెయ్యడం మాత్రం అదే మొదలు. నూకరత్నం నా అంచు పట్టుకుని మెల్లగా తడుముతూ పోయింది. పిన్ను గుచ్చిన చిరుగు దగ్గర వేలు ఆగింది.

"శాలువాలన్నీ మడతపెట్టింది నేనేనండీ. బీరువాలో పసుపుది ఒక్కటీ లేదు," అంది. "ఇది ఆ రోజుది. ఎర్రది."

సభల్లో ఎప్పుడూ మాటకు తడుముకోని జోగారావు కుర్చీలో కూలబడి మొహం చేతుల్లో దాచుకున్నాడు. ఆవిడ ఓదార్చలేదు, తిట్టనూ లేదు. నన్ను భుజాల మీదనుంచి తీసి ఆయన చేతిలో పెట్టింది. "దీన్ని నాలుగు మడతలేసి వీధి గడప దగ్గర పరచండి. గుమ్మం ఎక్కడుందో నా కాలికి తెలుస్తుంది," అంది.

ఆయనే పరిచాడు. సిగ్గుతోనో భయంతోనో ఇప్పటికీ నన్ను తొక్కలేక పక్కకు ఒదిగి దాటుతాడు. ఆవిడ తొక్కుతుంది. రోజూ పొద్దున్నే వచ్చి, నా మీద ఒక కాలు, బయట మెట్టు మీద ఒక కాలు పెట్టి కాసేపు నిలబడుతుంది. ఆ పాదాలకు నేను వెచ్చగా ఉంటానో లేదో తెలియదు. ఇన్నాళ్లకు ఒక మనిషికి అక్కరకొచ్చానని మాత్రం తెలుసు.

మళ్లీ కార్తీకం వచ్చింది. మొన్న సన్యాసిరావుగారు వచ్చి, గుమ్మంలో నా మీదే చెప్పులు తుడుచుకుని లోపలికి తొంగి చూశాడు. తను పొగిడి కప్పించిన శాలువా అని గుర్తుపట్టలేదు. "అమ్మా! ఈ ఏడు వనభోజనాలు కూడా అరకులోనే. మా ఆదర్శ దంపతులు రాకపోతే ఎలాగ?" అన్నాడు.

లోపల జోగారావు పేపరు మడత పెడుతున్న చప్పుడు ఆగిపోయింది.

నూకరత్నం మాట వినబడ్డ వైపు తిరిగి నవ్వింది. "మీరు వెళ్లి రండి బాబూ. మాకేం, దగ్గరే కదా, ఎప్పుడైనా వెళ్లొచ్చు," అంది.